ఈ సంతకం చేస్తున్నది నేనే

మెర్సెడ్‌లో జనవరి పొగమంచు
బాదం తోటల మీంచి లేచి
కాలేజీ పార్కింగ్ దాకా వచ్చి ఆగుతుంది.
తొమ్మిదింటికి మూడో కిటికీ తెరుస్తాను.
ఆర్థిక సహాయం, గుర్తింపు తనిఖీ.
బోర్డు మీద అంతే రాసుంటుంది.

రాత్రికి రాత్రి రెండు వందల పన్నెండు మంది చేరారు.
వాళ్లలో మనుషులెందరో
సాయంత్రానికి నేను చెప్పాలి.

పదకొండు మందికి ఒకటే ఫోన్ నంబరు.
పంతొమ్మిది మందిది ఒకటే ఇల్లు,
వెళ్లి చూస్తే మూతబడ్డ టైర్ల షాపు.
పోయిన టర్ములో, చిత్రకళా పరిచయం క్లాసులో
నలభై మంది తెల్లవారుజామున మూడూ ఏడుకి
ఒకే వ్యాసం అప్పజెప్పారు
కామా కూడా కదలకుండా.
గ్రాంటు డబ్బు ఖాతాల్లో పడ్డ రోజున
నలభై మందికీ ఒక్కసారే
చదువు మీద విరక్తి పుట్టింది.

ఎల్డన్ పికెట్ అనే ఆయన
శిశు వికాసంలో చేరాడు.
పుట్టిన తేదీ సరిపోయింది, నంబరు సరిపోయింది.
పాత ఫోన్‌కి చేస్తే ఒకావిడ ఎత్తింది.
"ఆయన పోయి ఆరేళ్లయింది."
కాసేపాగి,
"ఏం చదువుతున్నాడు?" అంది.
చెప్పాను.
"పిల్లలంటే ఇష్టమే. మాకు కలగలేదు."
ఆ ఫైలు మూసేముందు
మౌస్ మీద వేలు చాలాసేపు అలాగే ఉంది.
రెండోసారి పాతిపెట్టే పని
నా ఉద్యోగ వివరాల్లో రాయలేదు.

మధ్యాహ్నం మై యీ లోర్ వచ్చింది.
ఆమె పేరు పక్కన నా కంప్యూటర్
ఎర్ర జెండా పాతి నాలుగు రోజులు.
ఫోన్ కెమెరాలో మొహం కుడికి తిప్పమంటే తిప్పిందట,
ఎడమకి తిప్పమంటే తిప్పిందట,
యంత్రం ఒప్పుకోలేదు.
ఆట్‌వాటర్ నుంచి రెండు బస్సులు మారి
యాభై పౌండ్ల బియ్యం సంచి మడిచి
అందులో తన బతుకంతా పెట్టుకొచ్చింది.
శిబిరం కాగితంలో పుట్టినరోజు జనవరి ఒకటి,
ఆ శిబిరంలో అందరూ జనవరి ఒకటినే పుట్టారు.
లైసెన్సులో పేరు కలిపేశారు,
పౌరసత్వ పత్రంలో విడదీశారు,
కరెంటు బిల్లు మొగుడి పేరున,
అద్దె రసీదు అన్న పేరున.
చిలగడదుంపల షెడ్డులో ఇరవై రెండేళ్లు
దుంపలు తుడిచి తుడిచి
వేలిముద్రలు కూడా అరిగిపోయాయి.

గుమ్మడికాయల దొంగెవరంటే
భుజాలు తడుముకున్నాడని సామెత.
ఈ కిటికీ దగ్గర అది తిరగబడింది.
దొంగ ఎక్కడో కాలు మీద కాలేసుకున్నాడు,
అతని భుజానికి బూడిద లేదు
కాగితంలో ఒక్క అక్షరం తప్పు లేదు.
తడుముకునేది ఈమె.
"నేనేమైనా తప్పు చేశానా?"

నా ఇంటిపేరు ముందుకీ వెనక్కీ
నాలుగు ఆఫీసుల్లో నాలుగు రకాలుగా దొర్లిన సంగతి
ఆమెకి చెప్పలేదు.
బతికిన మనిషి కాగితాలు అతుకుల బొంత.
నున్నగా ఉన్న ఫైలునే
ఈ మధ్య రెండుసార్లు చూస్తున్నాను.

ఫారం ముందుకి తోశాను.
"ఈ సంతకం చేస్తున్నది నేనే" అన్న వాక్యం కింద
నా ఎదుటే సంతకం పెట్టాలి.
చదివింది. వేలు పెట్టి మళ్లీ చదివింది.
"నేను కాక ఇంకెవరు పెడతారు?"
వెటకారం కాదు, నిజంగానే అడిగింది.
నా దగ్గర రెండు వందల పన్నెండు జవాబులున్నాయి,
ఒక్కటీ ఇవ్వలేదు.

మెల్లగా పెట్టింది,
ఒక్కో అక్షరం మట్టిలోంచి పెకలించినట్టు.

జెండా తీసేశాను.
వైద్య పరిభాష క్లాసులో సీట్లు లేవంది కంప్యూటర్.
నలభైకి నలభై నిండాయట.
లెక్చరర్‌కి ఫోన్ చేశాను:
"ఇవాళ జూమ్‌లో హాజరు పిలవండి,
కెమెరాలు తెరిచి పలకమనండి.
నేను లైన్లోనే ఉంటాను."

మై యీ సంచి ఒళ్లో పెట్టుకుని
బెంచీ మీద కూచుంది.
నాలుగున్నర బస్సు వెళ్లిపోయింది.
అవతల ఆవిడ గొంతు పేరు తర్వాత పేరు పిలుస్తోంది,
మొదటి పేరు, నిశ్శబ్దం,
రెండో పేరు, నిశ్శబ్దం,
మూడో పేరుకి
ఎవరో కుర్రాడు, నిద్రమొహంతో కాబోలు,
"ఉన్నాను మేడమ్" అన్నాడు.
నాకెంత సంతోషమేసిందో.